రెండో చీర కొంటేనే చుట్టరికం

ఈమధ్య చేనేత మీద ఏ సభ జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తోంది: 'ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టండి, ప్రపంచమంతా మీ బజారే.' చెప్పేవాళ్ళ మనసు మంచిదే. కానీ ఆ సలహా సగంలోనే ఆగిపోతోంది. పెట్టాక ఏం చేయాలి? చూసినవాళ్ళు కొనేదెలా, కొన్నవాళ్ళు మళ్ళీ వచ్చేదెలా? ఆ సంగతి ఎవరూ చెప్పడం లేదు. మంగళగిరిలో మగ్గం ఉన్న ఇంటికి కోడలిగా వచ్చి, కొన్నేళ్ళుగా ఫోను మీద చీరలూ డ్రెస్ మెటీరియలూ అమ్ముతున్నాను కాబట్టి ఆ మిగతా సగం గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. సోషల్ మీడియా మనల్ని పరిచయం మాత్రమే చేస్తుంది. ఆ పరిచయం తర్వాత మనం నడుచుకునే తీరే వ్యాపారాన్ని నిలబెడుతుంది. ఫాలోవర్ల లెక్కలో పడి ఆ నడతను పట్టించుకోనివాళ్ళు రెండు పండగలు గడిచేసరికి అలిసిపోవడం మా చుట్టుపక్కలే చూస్తున్నాను.

మా మామయ్యగారి కాలంలో వ్యాపారం అంటే విజయవాడ, గుంటూరు, హైదరాబాదుల్లో ఉన్న కొట్లు. మగ్గం మీంచి దిగిన సరుకు మడతలు పెట్టి, మూటగట్టి, బస్సులో వేసుకుని వెళ్ళేవారు. సరుకు ఇచ్చిన రోజు చేతికి డబ్బు వచ్చేది కాదు. పండగ అమ్మకాలు అయ్యాక, పెళ్ళిళ్ళ సీజను గడిచాక కొట్టు యజమాని చూసుకుని ఇచ్చేవాడు. అయినా ఆ చుట్టరికాలు రెండు తరాల పాటు నడిచాయి. ఏ చీరైనా రంగు దిగిందని కబురొస్తే మామయ్యగారు మారుమాట లేకుండా వెనక్కి తెచ్చుకునేవారు. కొట్టువాళ్ళు కూడా ఆయన కష్టంలో ఉన్నప్పుడు నూలుకు ముందే డబ్బు పంపేవారు. ఆ పద్ధతిలో లోటు ఒక్కటే. చీర ఎవరు కట్టుకున్నారో నేసిన ఇంటికి తెలిసేది కాదు. అంచు నచ్చిందా, కొంగు పొడవు సరిపోయిందా, రెండు ఉతుకులకు గంజి పోయి బట్ట మెత్తబడిందా, ఈ సంగతులన్నీ కొట్టు గల్లా దగ్గరే ఆగిపోయేవి.

ఫోను ఆ లోటు తీర్చింది. 2016లో యూపీఐ మొదలైంది. అదే ఏడాది జియో రాకతో డేటా చౌకైంది. 2018లో వాట్సాప్ బిజినెస్ యాప్ వచ్చింది. ఈ మూడూ కలిసి మంగళగిరిలో ఒక సందులో ఉన్న ఇంటిని నిజామాబాదులో టీచరమ్మకూ, బెంగళూరులో బ్యాంకు ఉద్యోగినికీ, డాలస్‌లో ఉన్న తెలుగు ఇల్లాలికీ పక్కిల్లు చేశాయి. ఎవరికి నిజాం బార్డర్ ఇష్టమో, ఎవరు జరీ లేని అంచే కడతారో, ఎవరింట్లో వచ్చే మాఘంలో పెళ్ళో ఇప్పుడు మాకు తెలుసు. చేనేతకు ఇంత దగ్గరి పరిచయం మునుపెన్నడూ లేదు. ఇంత విలువైన దాన్ని మనం లైకుల లెక్కకు దిగజార్చుకుంటున్నామన్నదే నా బాధ.

చాలామందికి తెలియని చిన్న నియమం ఒకటుంది. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టుకుంటే ఒక్కో లిస్టులో 256 మందిని చేర్చుకోవచ్చు. అయితే మన నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజీ చేరుతుంది. మనం వాళ్ళ నంబరు దాచుకుంటే చాలదు, వాళ్ళు మనది దాచుకోవాలి. డబ్బు పెట్టి ప్రకటన ఇస్తే మన చీర లక్ష మంది కళ్ళ ముందుకు వెళ్ళొచ్చు. కానీ ఒక మనిషి ఫోన్లో మన పేరు చేరాలంటే ఆవిడ ఇష్టపడి చేర్చుకోవాలి. 'మంగళగిరి చీరల అక్క' అనో మరొకటనో ఆవిడ పేరు పెట్టుకుని సేవ్ చేసుకున్న రోజున మన వ్యాపారానికి ఒక మనిషి తోడైనట్టు. కొత్తగా అమ్మకాలు మొదలుపెట్టే అమ్మాయిలు సలహా అడిగితే నేను చెప్పేది ఇదే: ఎంతమంది చూశారని లెక్కపెట్టకండి, ఎంతమంది మీ నంబరు దాచుకున్నారో చూసుకోండి.

అడగకుండా గ్రూపుల్లో చేర్చేవాళ్ళ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దొరికిన నంబర్లన్నీ ఒక గ్రూపులో వేసి పొద్దున్నే యాభై ఫొటోలు కుమ్మరిస్తారు. ఆ గ్రూపులో ఒకరి నంబరు మిగతా అందరికీ కనపడుతుంది. అందులో ఉండేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఆ నంబర్లు ఎవరి చేతికి పోతాయో, అర్ధరాత్రి ఎవరు 'హాయ్' అని పెడతారో మనకు తెలియదు. చీర కొన్న పాపానికి ఆ ఇబ్బంది ఎవరూ పడకూడదు. నంబరు ఇచ్చిన మనిషి మనల్ని నమ్మి ఇచ్చింది. ఆమె సరేనంటేనే లిస్టులో చేర్చాలి, వద్దంటే ఆ నిమిషమే తీసేయాలి. చీర కట్టుకుని పంపిన ఫొటోను స్టేటస్‌లో పెట్టేముందు కూడా అడగాలి. ఇది మర్యాదకు సంబంధించిన విషయం. మర్యాద తెలియకుండా మార్కెటింగ్ ఎంత నేర్చుకున్నా ఉపయోగం లేదు.

ఇక అసలు పనికి వస్తాను. దూరాన ఉన్న మనిషికి చీర అమ్మేటప్పుడు తగాదాలు ఎక్కువగా వచ్చేది రంగు దగ్గర. నెమలికంఠం రంగు చీరలో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. ఒక పక్క నుంచి చూస్తే నీలం, ఇంకో పక్క నుంచి చూస్తే ఆకుపచ్చ. ట్యూబులైటు కింద ఫొటో తీస్తే ఆ రెండు రంగుల ఆట పోయి ఉత్త నీలంగా పడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే జరీ మెరుపుకు మిగతాదంతా వెలిసిపోతుంది. నేను పొద్దున ఎండ ముదరకముందు వసారాలో నీడ పట్టున చీర పరిచి తీస్తాను. ఒకటి మడత మీద, ఒకటి కొంగు విప్పి, ఒకటి భుజాన వేసుకుని. ఫిల్టరు వాడను. చీర పక్కన అందరికీ తెలిసిన వస్తువేదైనా పెడతాను. తమలపాకు, పసుపుకొమ్ము, స్టీలు గ్లాసు, ఏదో ఒకటి. తమలపాకు రంగు ఏ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళకైనా తెలుసు. తమ ఫోను తెర ఆ ఆకుని ఎంత మార్చి చూపిస్తోందో గమనించి, చీర రంగును ఆ మేరకు సరిచూసుకుంటారు. కింద ఒక ముక్క రాస్తాను: 'ఫొటోలో కన్నా చీర కాస్త ముదురు.' ఆ ఒక్క ముక్క వల్ల ఆగిపోయిన అమ్మకాలున్నాయి. దానికి నేను చింతించను. పార్సిల్ విప్పి 'మీరు చెప్పినట్టే ఉందండీ' అని మెసేజీ పెట్టినావిడ, తర్వాతి చీరకు రంగు గురించి అసలు అడగదు.

లోపాల సంగతీ అంతే. చేత్తో నేసిన బట్టలో చిన్న చిన్న తేడాలు వస్తాయి. పడుగులో ఒక పోగు తెగి, అది చూసి అతికేలోపు రెండు మూడు అంగుళాల మేర సన్నగీత పడుతుంది. పేక ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా పడుతుంది. వీటిలో కొన్ని చేనేత లక్షణాలు, కొన్ని లోపాలు. ఏది ఏదో కొనేవాళ్ళకు తెలియదు, నేసిన ఇంటివాళ్ళకు తెలుసు. కాబట్టి చెప్పాల్సిన బాధ్యత మనది. పంపబోయే ప్రతి చీరనూ దండెం మీద వేసి వెలుతురుకు ఎదురుగా నిలబడి అంగుళం అంగుళం చూస్తాం. గీత కనిపిస్తే అక్కడ ఎర్రదారం ముడి వేసి, దగ్గరగా ఫొటో తీసి, డబ్బు వేయించుకోకముందే పంపిస్తాను. 'అక్కా, ఇది కుచ్చిళ్ళలోకి పోతుంది, కట్టుకుంటే కనపడదు. అయినా మీకు తెలిసి తీసుకోవాలి. వద్దంటే ఇంకోటి చూపిస్తాను, కావాలంటే ఇంత తగ్గిస్తాను' అని రాస్తాను. చాలామంది ఆ చీరే తీసుకుంటారు. తగ్గింపు కూడా అక్కర్లేదనేవాళ్ళు ఉన్నారు. అలా తీసుకున్నవాళ్ళు ఆ తర్వాత ఆడపడుచునో, తోటి ఉద్యోగినినో వెంటబెట్టుకుని వచ్చారు.

అంచుల వెంట సూదితో గుచ్చినట్టుండే సన్నటి రంధ్రాలు చూసి చిరుగేమోనని కంగారుపడేవాళ్ళు ఉంటారు. నేసేటప్పుడు బట్ట వెడల్పు తగ్గకుండా రెండు అంచులనూ బిగించిపట్టే బద్ద ముళ్ళ గుర్తులవి. మగ్గం దగ్గర ఆ బద్దను చూపిస్తూ అర నిమిషం వీడియో తీసి పంపితే చాలు. అంతకుముందు ఫిర్యాదు చేద్దామనుకున్న మనిషే, తర్వాత ఇంకొకరి చీర అంచు పట్టుకుని చూసి 'ఇది చేనేతే' అని చెప్పగలుగుతుంది. బట్ట గురించి కొనేవాళ్ళకు నేర్పడాన్ని మించిన ప్రకటన లేదు. దానికి ఖర్చు కూడా లేదు, ఓపిక ఒక్కటే కావాలి.

ధర దాచే అలవాటును మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. చక్కటి ఫొటో పెట్టి కింద 'ధర కోసం ఇన్‌బాక్స్‌లోకి రండి' అని రాస్తారు. అడిగిన మనిషి ఊరు చూసి, ప్రొఫైల్ ఫొటో చూసి ధర చెబుతారేమోనన్న అనుమానం కొనేవాళ్ళకు అక్కడే మొదలవుతుంది. అనుమానంతో మొదలైన బేరం చుట్టరికం దాకా వెళ్ళదు. మా ఫొటో కింద ధర ఉంటుంది. కొరియర్ ఖర్చు అందులో కలిసిందో లేదో కూడా ఉంటుంది. ఎవరైనా ఎక్కువంటే విసుక్కోకుండా లెక్క చెబుతాను. నూలు ఎంత, రంగు అద్దకం ఎంత, జరీ ఎంత, నేతగాడి మజూరీ ఎంత, మాకు మిగిలేది ఎంత. సాదా చీర ఒకటి నేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పడుగు సరిచేయడం, కండెలు చుట్టడం వేరే పని. ఇంట్లో ఆడవాళ్ళూ పెద్దవాళ్ళూ చేసే ఆ పనికి చాలా ఇళ్ళలో విడిగా కూలీ కూడా లెక్కగట్టరు. ఇదంతా విన్నాక కొనలేనివాళ్ళు కూడా గౌరవంగా 'వచ్చే నెల చూస్తానమ్మా' అంటారు. చాలామంది ఆ మాట నిలబెట్టుకుంటారు.

ఒక రీలు బాగా తిరిగిందనుకోండి, అప్పుడే అసలు పరీక్ష. తెల్లారేసరికి అదే చీర, అదే రంగు కావాలని లెక్కలేనన్ని మెసేజీలు వచ్చిపడతాయి. ఒక పడుగు మీద కొన్ని చీరలే దిగుతాయి. అవి అయిపోతే మళ్ళీ నూలు అద్దించాలి, ఆరబెట్టాలి, పడుగు సరిచేయాలి, మగ్గానికి ఎక్కించాలి. వానాకాలంలో నూలు ఆరదు. గుంటమగ్గాల గుంటల్లోకి నీళ్ళూరితే పనే ఆగిపోతుంది. అప్పుడు అమ్మేవాళ్ళ ముందు రెండు దారులుంటాయి. 'నెల పడుతుంది, ఆగగలిగితే ఆగండి' అని నిజం చెప్పడం ఒకటి. మరమగ్గం మీద అచ్చం అలాంటిదే తెప్పించి, చేనేత పేరుతో పంపేయడం రెండోది. రెండో దారిలో ఆ వారం డబ్బు బాగానే వస్తుంది. కానీ ఉతికాక బట్ట గుట్టు బయటపడుతుంది. మోసపోయినావిడ ఆ అమ్మినమ్మాయి ఒక్కదాన్నే తిట్టుకోదు, మంగళగిరి ఊరినే తిట్టుకుంటుంది. కొన్ని రకాల బట్టలను చేనేతకే ప్రత్యేకిస్తూ 1985లోనే చట్టం వచ్చింది. మంగళగిరి చీరలకూ బట్టలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంది. ఇన్ని ఉన్నా ఫోను తెర మీద చేనేతకూ మరమగ్గానికీ తేడా కనిపించదు. కొనేవాళ్ళకు అక్కడున్న ఆధారం అమ్మే మనిషి మాట. దాన్ని అమ్ముకుంటే అమ్మడానికి ఇంకేమీ మిగలదు.

చుట్టరికం కొనేవాళ్ళతో మాత్రమే ఉంటే సరిపోదు. మా దగ్గర ఫొటోలు తీసుకుని తమ బంధువులకూ అపార్ట్‌మెంటు స్నేహితులకూ చీరలు అమ్మే రీసెల్లర్లు ఉన్నారు. ఎక్కువమంది ఇల్లు చూసుకుంటూ, పిల్లల ఫీజులకు ఆసరాగా ఈ పని చేసుకుంటున్న ఆడవాళ్ళు. వాళ్ళు చీర మీద ఇంత అని వేసుకుని అమ్ముకుంటారు. కొన్నాళ్ళకు వాళ్ళ దగ్గర కొన్నావిడ ఎలాగో మా నంబరు కనుక్కుని 'నేరుగా మీరే ఇస్తే తగ్గుతుంది కదా' అని అడుగుతుంది. తగ్గించి ఇచ్చేస్తే ఆ రోజుకు లాభమే. నేను ఇవ్వను. 'మీకు మా చీర పరిచయం చేసింది ఆవిడ. ఆవిడ దగ్గరే తీసుకోండమ్మా, ఏ ఇబ్బంది వచ్చినా చూసుకునే పూచీ నాది' అంటాను. ఒకవేళ నేరుగా అమ్మాల్సి వస్తే రీసెల్లరు వాటా ఆవిడకు పంపించి, సంగతి చెబుతాను. ఇంకొకరు సంపాదించుకున్న మనిషిని వాళ్ళ వెనక నుంచి లాక్కోవడం వ్యాపారం కాదు. ఈ ఒక్క కట్టుబాటు వల్లే మా రీసెల్లర్లు మా ఫొటోల కింద వేరేవాళ్ళ సరుకు అమ్మరు. సరుకులో తేడా వస్తే ముందు నాకే చెబుతారు.

నేతగాళ్ళను మరిచిపోయి ఈ విషయం మాట్లాడటం అన్యాయం. 2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం నేత, అనుబంధ పనుల్లో 35 లక్షలకు పైగా మంది ఉన్నారు. వాళ్ళలో 70 శాతానికి పైగా ఆడవాళ్ళు. మూడింట రెండొంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకు 5 వేల రూపాయల లోపేనని ఆ గణనే చెప్పింది. ఇప్పుడు ఫోన్లో చేనేత వీడియోలు బాగా నడుస్తున్నాయి. నాడె అటూ ఇటూ పరిగెత్తడం, పెద్దాయన చేతుల మీది ముడతలు, వెనక వేణునాదం. ఆ వీడియో చూసి కొన్నవాళ్ళు తాము నేతగాడికి అన్నం పెట్టామనుకుంటారు. వీడియో తీసినవాళ్ళు ఆ పెద్దాయనకు మజూరీ పెంచారా? కనీసం ఆయన్ని అడిగి తీశారా? నేరుగా అమ్మడం వల్ల మధ్యలో మిగిలిన డబ్బులో మగ్గానికి ఎంత చేరింది? ఈ ప్రశ్నలు కొనేవాళ్ళు అడగాలి. మనిషి పేదరికాన్ని చూపించి జాలితో అమ్మే చీర ఒకసారే అమ్ముడవుతుంది. పనితనాన్ని చూపించి, దానికి తగ్గ మజూరీ ఇచ్చి అమ్మేవాళ్ళ దగ్గరికి మనుషులు మళ్ళీ మళ్ళీ వస్తారు. మజూరీ బాగుంటే నేతగాడు కూడా మన మగ్గం వదిలి వెళ్ళడు. సరుకు నాణ్యత నిలబడటానికి ఇంకో ఉపాయం లేదు.

కష్టం వచ్చినప్పుడే ఏ చుట్టరికమైనా తేలుతుంది. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. దానికి నాలుగు రోజుల ముందు నుంచే మన తపాలా శాఖ అమెరికాకు పార్సిళ్ళు తీసుకోవడం దాదాపు ఆపేసింది. అక్టోబరు 15 దాకా మళ్ళీ మొదలుకాలేదు. ఆ ఏడు దసరా అక్టోబరు 2న. బతుకమ్మకూ దసరాకూ చీరలు చెప్పుకున్నవాళ్ళ డబ్బు మా దగ్గర ఉంది, చీరలు మా బీరువాలో ఉన్నాయి, పంపే దారి లేదు. ఆ సమయంలో కొందరు అమ్మకందార్లు ఫోను ఎత్తడం మానేశారు. మేము వాళ్ళు అడగకముందే ఒక్కొక్కరికీ విడివిడిగా రాశాం. డబ్బు వెనక్కి కావాలా, దారి తెరిచేదాకా ఆగుతారా, ప్రైవేటు కొరియర్‌లో పంపితే సుంకంతో కలిపి ఇంతవుతుంది, ఇండియాలో మీ అమ్మగారింటికి పంపమంటారా అని అన్ని దారులూ చెప్పాం. డబ్బు వెనక్కి తీసుకున్నవాళ్ళు తక్కువ. ఎక్కువమంది 'అమ్మ దగ్గర పెట్టించండి, వచ్చినప్పుడు తీసుకుంటాం' అన్నారు. చెడ్డ కబురు మనమే ముందు చెబితే ఎదుటి మనిషి మనతో కలిసి దారి వెతుకుతుంది. ఆవిడ అంతట ఆవిడ కనుక్కునేదాకా ఊరుకుంటే మనల్ని నిలదీస్తుంది. ఇందులో టెక్నాలజీ ఏమీ లేదు.

ఇంకొక జాగ్రత్త. ఇన్‌స్టాగ్రామ్ అయినా ఫేస్‌బుక్ అయినా మనకు అద్దె ఇల్లు. యజమాని ఎప్పుడు ఖాళీ చేయమంటే అప్పుడు చేయాలి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు, అక్కడ పేరు తెచ్చుకున్న చిన్న వ్యాపారులకు తమ కస్టమర్లను మళ్ళీ కలుసుకునే దారి లేకపోయింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒకేసారి ఆరు గంటల పాటు ఆగిపోయాయి. అందుకే మా ఇంట్లో మామయ్యగారు వాడినట్టే అట్టపుస్తకం ఖాతా ఇప్పటికీ ఉంది. పేరు, ఊరు, ఫోను నంబరు, ఏ చీర ఎప్పుడు తీసుకున్నారు, ఏ రంగు ఇష్టం, ఏ పండక్కి కావాలంటారు, ఇవన్నీ అందులో రాసి ఉంటాయి. శ్రావణమాసానికి ముందు ఆ పుస్తకం చూసి, ఎవరికి ఏది నచ్చుతుందో ఆలోచించి, ఒక్కొక్కరికి రెండు మూడు ఫొటోలే పంపుతాను. అందరికీ ఒకే మెసేజీ కుమ్మరించడం కన్నా ఇది ఆలస్యమయ్యే పని. కానీ దీనికి జవాబులు వస్తాయి. వరలక్ష్మీ వ్రతానికి ఎలాంటి చీర కావాలో ఏ కంపెనీ కంప్యూటరు కన్నా ఆ పుస్తకమే నాకు బాగా చెబుతుంది.

నమ్మకం ఉన్నచోటికే మోసం కూడా వస్తుంది కాబట్టి అది కూడా చెప్పి తీరాలి. డబ్బు వేసినట్టు నకిలీ స్క్రీన్‌షాట్ పంపి, పార్సిల్ త్వరగా పంపమని తొందరపెట్టేవాళ్ళున్నారు. 'డబ్బు పంపుతాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అనేవాళ్ళున్నారు. మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు, ఈ ఒక్కటి గుర్తుంటే చాలు. డబ్బు ఖాతాలో పడిందని బ్యాంకు యాప్‌లో చూశాకే పార్సిల్ కట్టాలి. ఒకవేళ మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. కొనేవాళ్ళకూ రక్షణ ఉంది. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళు కూడా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తారు. తాము ఉంటున్న ఊళ్ళోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. 1915కి ఫోను చేసినా దారి చెబుతారు. ఈ నంబర్లు మా కస్టమర్లకు నేనే చెబుతుంటాను. తన మీద ఫిర్యాదు ఎక్కడ చేయాలో తానే చెప్పగలిగిన అమ్మకందారును ఎవరూ అనుమానించరు.

చేనేత శాఖవాళ్ళకూ, సహకార సంఘాలకూ, శిక్షణ ఇచ్చే సంస్థలకూ నా మనవి ఇది. రీలు ఎలా తీయాలి, ఏ పాట పెట్టాలి, హ్యాష్‌ట్యాగులు ఎన్ని ఉండాలి, ఇవి మా పిల్లలు ఒక్క సాయంత్రంలో నేర్పేస్తున్నారు. మీరు నేర్పాల్సినవి వేరే ఉన్నాయి. ఫొటోలో నిజమైన రంగు చూపించడం, లోపం ముందే చెప్పడం, వాపసు నియమాలు తెలుగులో స్పష్టంగా రాయడం, ఖాతా పుస్తకం నడపడం, కొరియర్‌లో పోయిన పార్సిల్‌కు ఎవరు పూచీ పడాలో తేల్చుకోవడం, మోసాల నుంచి కాపాడుకోవడం. ప్రతి సంఘంలోనూ చదువుకున్న ఇద్దరు ముగ్గురు అమ్మాయిలకు ఈ పని నేర్పించి జీతం ఇవ్వండి. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవానికి సభ పెట్టి శాలువాలు కప్పడం కన్నా అది మగ్గానికి ఎక్కువ మేలు చేస్తుంది.

చదివేవాళ్ళకూ ఒక మాట. ఫోన్లో చీర కొనేటప్పుడు పగటి వెలుతురులో తీసిన ఫొటో అడగండి, అంచు దగ్గర నుంచి చూపించమనండి, ఎవరు నేశారో అడగండి. నిజంగా మగ్గం ఉన్నవాళ్ళు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు. జవాబు దాటవేస్తే అక్కడ కొనకండి. చీరలో తేడా కనిపిస్తే గ్రూపులో పెట్టేముందు ఒక్కసారి అమ్మినవాళ్ళకు చెప్పి చూడండి. సరిదిద్దితే ఆ నంబరు దాచుకోండి, సరిదిద్దకపోతే నిర్మొహమాటంగా పదిమందికీ చెప్పండి.

నాలాగా ఇంట్లోంచి అమ్ముకుంటున్న అక్కచెల్లెళ్ళకు చివరిగా చెప్పేది ఇంతే. మొదటి చీర మన ఫొటో చూసి కొంటారు, రెండోది మన నడత చూసి కొంటారు. ఈ దసరాకు ఎంతమంది కొత్తవాళ్ళు వచ్చారని కాకుండా, పోయిన దసరాకు కొన్నవాళ్ళలో ఎంతమంది మళ్ళీ వచ్చారని లెక్క వేసుకోండి. ఆ లెక్క ఏటేటా పెరుగుతుంటే మీ వ్యాపారానికి ఢోకా లేదు.